సోర్స్ కోడ్ ఫైళ్లను ప్రోగ్రామ్ చేత రాయించడం ఎలా

ఒకే సమాచారాన్ని రెండు మూడు చోట్ల చేత్తో రాసి, ఆ ప్రతులన్నీ ఎప్పటికీ ఒకేలా ఉంటాయని నమ్ముకున్న ప్రాజెక్టులో ఏదో ఒక విడుదల నాటికి అవి తప్పకుండా వేరుపడతాయి. ఒక ప్రాజెక్టులో 140 ఎర్రర్ కోడ్‌లు ఉన్నాయనుకుందాం. సర్వర్‌ను గో భాషలో, మొబైల్ యాప్‌ను కోట్లిన్‌లో రాశారు. ప్రతి కోడ్‌కు ఒక సంఖ్య, ఒక పేరు, వాడుకరికి చూపే ఒక సందేశం, ఆ పనిని మళ్లీ ప్రయత్నించవచ్చో లేదో తెలిపే ఒక గుర్తు ఉంటాయి. వీటిని సర్వర్‌లో ఒకసారి, యాప్‌లో ఒకసారి, సహాయ పత్రంలో మరొకసారి రాయవలసి వస్తుంది. కొత్త కోడ్ చేర్చిన వ్యక్తి మూడో చోటు మరిచిపోతే కంపైలర్ ఏమీ అనదు. ఈ జాబితాను ఒకే చోట ఉంచి, మిగిలిన ఫైళ్లను ఒక చిన్న ప్రోగ్రామ్ చేత రాయించే పద్ధతిని ఇక్కడ వరుసగా వివరిస్తాను. అలా ఫైళ్లను రాసే ప్రోగ్రామ్‌ను జనరేటర్ అని, దానికి ఆధారమైన జాబితాను నిర్వచన ఫైలు అని పిలుద్దాం.

ఈ ఆలోచన పాతదే. 1970లలో బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ రాసిన యాక్ అనే పరికరం వ్యాకరణ నియమాలను చదివి, వాటికి తగిన పార్సర్‌ను, అంటే పాఠ్యాన్ని ఆ నియమాల ప్రకారం విడదీసి చదివే ప్రోగ్రామ్‌ను, సి భాషలో రాసి ఇచ్చేది. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ నేటికీ తన పార్సర్‌ను లెమన్ అనే సొంత జనరేటర్‌తో తయారు చేసుకుంటుంది. గూగుల్ 2008లో అందరికీ విడుదల చేసిన ప్రోటోకాల్ బఫర్స్ సందేశాల నిర్వచనాన్ని చదివి అనేక భాషలలో క్లాసులను రాస్తుంది. వీటన్నిటి వెనుకా ఒకే సూత్రం ఉంది: ప్రాజెక్టులో సోర్స్ అనదగినవి నిర్వచన ఫైలూ జనరేటరూ మాత్రమే, జనరేటర్ రాసిన ఫైలుకు కంపైలర్ తయారు చేసే ఆబ్జెక్ట్ ఫైలుకున్నంత హోదాయే ఉంటుంది. కింద చెప్పబోయే నియమాలలో చాలా భాగం ఈ సూత్రం నుంచే వస్తాయి కాబట్టి, ఎక్కడైనా సందేహం కలిగితే దీని దగ్గరికే తిరిగి రండి.

అసలు అవసరమా అని ముందు తేల్చుకోండి

జనరేటర్ రాయడం సరదాగా ఉంటుంది, అదే దానితో వచ్చే ప్రమాదం. ఒక ఫంక్షన్‌తోనో, లూప్‌తోనో, జెనరిక్ టైపుతోనో తీరే పనికి జనరేటర్ రాస్తే, మీరు లేనప్పుడు దాన్ని సరిచేయవలసిన వ్యక్తికి ఒక అదనపు పొర మిగులుతుంది. నిర్వచన ఫైలును ప్రోగ్రామ్ మొదలైనప్పుడు నేరుగా చదివి మెమరీలో పెట్టుకుంటే సరిపోతుందా అని మొదట ఆలోచించండి. దేశాల జాబితా, పన్ను శ్లాబులు, మెనూ అంశాల వంటి వాటికి దాదాపు ఎప్పుడూ అదే సరిపోతుంది.

నా దృష్టిలో జనరేటర్‌కు న్యాయమైన కారణాలు మూడే. ఒకే సమాచారం రెండు వేర్వేరు భాషలలో కావలసి రావడం మొదటిది. ఒక్కొక్క అంశాన్ని కోడ్‌లో పేరుతో ప్రస్తావిస్తూ, ఆ పేరు తప్పుగా రాస్తే కంపైలరే పట్టుకోవాలని కోరుకోవడం రెండోది. ప్రోగ్రామ్ నడిచేటప్పుడు లెక్కించడానికి ఎక్కువ సమయం పట్టే పట్టికను ముందే లెక్కించి ఉంచుకోవడం మూడోది. మన ఎర్రర్ కోడ్‌లకు మొదటి రెండూ వర్తిస్తాయి. మీ సమస్యకు ఒక్కటీ వర్తించకపోతే ఇక్కడితో ఆగిపోవడమే మంచిది.

ఇంకొక్క విషయం కూడా చూసుకోండి. కావలసిన సమాచారం ఇప్పటికే మీ కోడ్‌లో ఒక క్లాసు రూపంలో ఉంటే, కంపైలర్ లోపలే పనిచేసే పద్ధతులు చాలా భాషలలో ఉన్నాయి. జావాలో యానొటేషన్ ప్రాసెసర్లు 2006లో వచ్చిన జావా 6 నుంచి ప్రామాణికంగా ఉన్నాయి. సి షార్ప్‌లో సోర్స్ జనరేటర్లు 2020లో డాట్‌నెట్ 5తో వచ్చాయి. రస్ట్‌లో ప్రొసీజరల్ మాక్రోలు ఉన్నాయి. ఒకే భాషకు పరిమితమైన పని అయితే ఇవే నయం. కాకపోతే తయారైన కోడ్ మామూలుగా కంటికి కనిపించదు. రస్ట్‌లో కార్గో ఎక్స్‌పాండ్ వంటి పరికరంతోనో, సి షార్ప్‌లో తయారైన ఫైళ్లను డిస్క్‌పై రాయమని ప్రాజెక్టు అమరికలో చెప్పడం ద్వారానో దాన్ని చూడవలసి ఉంటుంది. మనది రెండు భాషల సమస్య కనుక విడి ప్రోగ్రామ్ మార్గంలోనే వెళ్దాం.

ఫలితాన్ని ముందు చేత్తో రాయండి

జనరేటర్‌కు సంబంధించిన ఒక్క వరుస కూడా రాయకముందే, అది రాయవలసిన ఫైలును మీరే చేత్తో రాయండి. 140 కోడ్‌లూ అక్కరలేదు, మూడు చాలు. అయితే ఆ మూడింటినీ బాగా ఎంచుకోండి. ఒకటి మామూలుది, ఒకటి సందేశంలో కొటేషన్ గుర్తులు ఉన్నది, ఒకటి మళ్లీ ప్రయత్నించడానికి వీలైనది అయితే బాగుంటుంది. ఆ ఫైలును కంపైల్ చేసి, ప్రాజెక్టులో నిజంగా వాడి, సహోద్యోగులకు చూపి, పేర్లూ టైపులూ అందరికీ సమ్మతమయ్యేదాకా మార్చండి.

ఈ అడుగును దాటవేసినవారు జనరేటర్‌ను రాస్తూనే ఫలితం ఎలా ఉండాలో కూడా అప్పటికప్పుడు నిర్ణయించుకుంటారు, రెండూ ఒకేసారి కదులుతుంటే ఏ తప్పు ఎక్కడిదో తెలియదు. పైగా జనరేటర్ మంచి కోడ్‌ను ఎంత నమ్మకంగా 140 సార్లు రాస్తుందో, చెడ్డ కోడ్‌నూ అంతే నమ్మకంగా రాస్తుంది. చేత్తో రాసిన ఆ మూడు కోడ్‌ల ఫైలును పారేయకండి, పరీక్షల దగ్గర అది మళ్లీ పనికొస్తుంది.

నిర్వచన ఫైలు

నిర్వచనానికి మీ రంగంలో ఇప్పటికే స్థిరపడిన భాష ఉంటే దాన్నే వాడండి. సర్వీసుల మధ్య సందేశాలకు ప్రోటోకాల్ బఫర్స్, వెబ్ ఏపీఐలకు ఓపెన్ఏపీఐ ఉన్నాయి. వాటికి జనరేటర్లు కూడా సిద్ధంగా దొరుకుతాయి. అలాంటిది లేనప్పుడు జేసన్, యామల్, సీఎస్‌వీ అనే ఫైలు రూపాలలో ఒకటి ఎంచుకోవచ్చు. మనుషులు రోజూ సవరించే ఫైలు కాబట్టి వ్యాఖ్యలు రాసుకునే వీలున్న యామల్ వైపు చాలామంది మొగ్గుతారు. అందులో రెండు గోతులు ఉన్నాయి. యామల్ 1.1 నియమాలను పాటించే లైబ్రరీలు కొటేషన్ లేకుండా రాసిన నో అనే ఆంగ్ల పదాన్ని అసత్యం అనే బూలియన్ విలువగా చదువుతాయి. సున్నాతో మొదలయ్యే 0010 వంటి సంఖ్యను ఎనిమిది ఆధారంగా లెక్కించే ఆక్టల్ పద్ధతిలో చదివి 8గా మారుస్తాయి. అందువల్ల పదాలన్నిటినీ కొటేషన్లలో రాయాలనీ, సంఖ్యల ముందు సున్నాలు పెట్టరాదనీ మొదటి రోజే నియమం పెట్టుకోండి.

ప్రతి కోడ్ సంఖ్యనూ ఫైలులో స్పష్టంగా రాయండి. జాబితాలో స్థానాన్ని బట్టి జనరేటరే 1, 2, 3 అని సంఖ్యలు వేసుకుంటే, ఎవరో మధ్యలో ఒక కొత్త అంశాన్ని చేర్చిన రోజు దాని కిందివన్నీ ఒక్కొక్క సంఖ్య జరిగిపోతాయి; వాడుకరుల ఫోన్లలో ఉన్న పాత యాప్ ఆ సంఖ్యలను పాత అర్థంతోనే చదువుతుంది. ఇదే కారణంతో తొలగించిన కోడ్‌ను జాబితా నుంచి పూర్తిగా చెరిపేయకుండా, ఆ సంఖ్యను మళ్లీ ఎవరూ వాడకుండా కేటాయించి ఉంచాలి. ప్రోటోకాల్ బఫర్స్‌లో తొలగించిన ఫీల్డు సంఖ్యలను రిజర్వ్‌డ్ అని ప్రకటించే ఏర్పాటు ఇందుకోసమే ఉంది. మీ నిర్వచన ఫైలులోనూ ఉపసంహరించినది అనే ఒక గుర్తును చేర్చండి.

కొన్నిసార్లు నిర్వచనాన్ని విడి ఫైలులో పెట్టకుండా, ఉన్న కోడ్ నుంచే ఏరుకోవడం మేలు. ఎస్‌క్యూలైట్‌లో వర్చువల్ మెషీన్ ఆదేశాల సంఖ్యలుండే హెడర్ ఫైలును, ఆ ఆదేశాలను అమలు చేసే సి ఫైలునే ఒక స్క్రిప్టు చదివి తయారు చేస్తుంది. ఆదేశాన్ని అమలు చేసే చోటే దాని పేరు ప్రకటించబడుతుంది కనుక రెండింటికీ తేడా వచ్చే అవకాశమే ఉండదు.

జనరేటర్‌ను మూడు భాగాలుగా రాయండి

జనరేటర్‌ను ఏ భాషలో రాయాలన్న ప్రశ్నకు నా సమాధానం ఒక్కటే: ప్రాజెక్టును బిల్డ్ చేసే ప్రతి కంప్యూటర్‌లోనూ ఇప్పటికే ఉన్న భాషలో రాయండి. జనరేటర్ కోసం కొత్తగా ఇంకొక భాషను స్థాపించుకోవలసి వస్తే, కొన్నాళ్లకు దాన్ని నడపగలిగేవారు ఇద్దరే మిగులుతారు.

లోపల మూడు భాగాలుండాలి. మొదటి భాగం నిర్వచన ఫైలును చదువుతుంది. రెండో భాగం చదివినదాన్ని తనిఖీ చేసి, ఫలితానికి కావలసిన పేర్లూ విలువలూ అన్నీ ముందే లెక్కించి ఒక నిర్మాణంలో పెడుతుంది. మూడో భాగం ఆ నిర్మాణాన్ని తీసుకుని పాఠ్యంగా రాస్తుంది, అంతే. టెంప్లేట్ (ఖాళీలు వదిలిన నమూనా పాఠ్యం) వాడుతున్నట్లయితే అందులో చిన్న లూపులూ సాధారణ షరతులూ తప్ప మరే తర్కమూ ఉండకూడదు. పేరును ఎలా మార్చాలి, ఏ అంశాన్ని వదిలేయాలి వంటి నిర్ణయాలన్నీ రెండో భాగంలోనే జరగాలి. టెంప్లేట్‌లో తర్కం పెరిగేకొద్దీ దాన్ని పరీక్షించడమూ చదవడమూ కష్టమవుతాయి. గో కోసం ఒక టెంప్లేట్, కోట్లిన్ కోసం మరొకటి, సహాయ పత్రం కోసం ఇంకొకటి ఉంటాయి. మొదటి రెండు భాగాలు మూడింటికీ ఒకటే.

తనిఖీ భాగంపై కాస్త ఎక్కువ శ్రద్ధ పెట్టండి. ఒకే సంఖ్య రెండుసార్లు రావడం, ఒకే పేరు రెండుసార్లు రావడం, సందేశం ఖాళీగా ఉండడం, ఉపసంహరించిన సంఖ్యను మళ్లీ వాడడం, తెలియని ఫీల్డు కనబడడం ఇవన్నీ ఇక్కడే దొరకాలి. తప్పు దొరికినప్పుడు నిర్వచన ఫైలు పేరునూ వరుస సంఖ్యనూ చెప్పి ఆగిపోవాలి. ఈ జాగ్రత్త తీసుకోకపోతే, నిర్వచనంలో జరిగిన తప్పుకు తయారైన ఫైలులో ఏదో 900వ వరుస దగ్గర కంపైలర్ ఫిర్యాదు చేస్తుంది. సి భాషలో తయారైన ఫైళ్లలో లైన్ అనే ప్రీప్రాసెసర్ ఆదేశాన్ని రాస్తే, కంపైలర్ తన ఫిర్యాదును అసలు నిర్వచన ఫైలు వరుసకే చూపిస్తుంది. యాక్ వంటి పరికరాలు చేసేది అదే.

పేర్ల మార్పిడి తేలికగా కనిపిస్తుంది గానీ అందులో రెండు చిక్కులున్నాయి. గీతలతో విడదీసిన పేరును పెద్దక్షరాలతో కలిపిన రూపంలోకి మార్చినప్పుడు, నిర్వచనంలో వేర్వేరుగా ఉన్న రెండు పేర్లు ఫలితంలో ఒకటైపోవచ్చు. కాబట్టి ఒకే పేరు తిరిగి వచ్చిందేమో మార్పిడి తర్వాత కూడా తనిఖీ చేయాలి. రెండోది, లక్ష్య భాషలోని కీలక పదాలతో తగువు. గోలో టైప్, రేంజ్, కోట్లిన్‌లో వెన్, ఆబ్జెక్ట్ వంటివి మామూలు పేర్లుగా వాడడానికి వీల్లేదు. అన్ని పేర్లకూ ముందు ఒక స్థిరమైన ఉపసర్గను చేర్చితే ఈ తగువు సులువుగా తీరిపోతుంది.

సందేశాలను స్ట్రింగ్‌లుగా రాయడం ఇంతకంటే ప్రమాదకరం. సందేశాన్ని రెండు కొటేషన్ గుర్తుల మధ్య అతికించి వదిలేస్తే, అందులో కొటేషన్, బ్యాక్‌స్లాష్ లేదా కొత్త వరుస గుర్తు వచ్చిన రోజు కోడ్ విరిగిపోతుంది. గోలో దీనికి ప్రామాణిక లైబ్రరీలోని కోట్ అనే ఫంక్షన్ ఉంది. ఆ ఫంక్షన్ ఇచ్చిన పాఠ్యాన్నే కోట్లిన్ ఫైలులోనూ పెట్టేద్దామని అనిపిస్తుంది కానీ అలా చేయకండి. కోట్లిన్ స్ట్రింగ్‌లో డాలర్ గుర్తు వేరియబుల్ విలువను చొప్పించే సంజ్ఞ. ధర గురించిన సందేశంలో డాలర్ గుర్తు వెంట ఒక పదం వస్తే, అది వేరియబుల్ పేరని కోట్లిన్ అనుకుంటుంది. ప్రత్యేక గుర్తులను రాయడానికి గో వాడే కొన్ని ఎస్కేప్ రూపాలను కోట్లిన్ అసలు ఒప్పుకోదు. ప్రతి లక్ష్య భాషకూ దాని సొంత ఎస్కేప్ ఫంక్షన్ ఉండి తీరాలి.

ఇండెంటేషన్ గురించి మాత్రం ఎక్కువ తలబాదుకోకండి. టెంప్లేట్‌లో ఖాళీలను సరిచూసుకునే బదులు, తయారైన పాఠ్యాన్ని ఆ భాష ఫార్మాటర్ గుండా పంపండి. గోలో ఫార్మాట్ ప్యాకేజీని జనరేటర్ లోపలి నుంచే పిలవవచ్చు. పాఠ్యం వాక్యనిర్మాణపరంగా తప్పైతే అది అక్కడే ఎర్రర్ ఇస్తుంది కాబట్టి అదనంగా ఒక తనిఖీ కూడా జరిగినట్లవుతుంది.

ఎన్నిసార్లు నడిపినా అక్షరం మారకూడదు

ఒకే నిర్వచనం, ఒకే జనరేటర్ ఉన్నప్పుడు, ఏ కంప్యూటర్‌లో, ఏ రోజు నడిపినా ఫలితం బైటు బైటుకూ ఒకేలా ఉండాలి. ఈ ఒక్క గుణం లేకపోతే తర్వాత చెప్పబోయే తనిఖీలేవీ పనిచేయవు.

దీన్ని చెడగొట్టేవి చూడటానికి చిన్నవే. తయారైన తేదీ, సమయం, నడిపినవారి పేరు, వారి కంప్యూటర్‌లోని పూర్తి ఫోల్డర్ మార్గం. ఇవేవీ ఫైలులో రాయకండి. క్రమం అంతకంటే మోసకారి: గోలో మ్యాప్‌ను లూప్‌లో తిరిగినప్పుడు అంశాలు వచ్చే వరుసను భాషే కావాలని యాదృచ్ఛికం చేసింది, పైథాన్‌లో 3.3 నుంచి స్ట్రింగ్‌ల హాష్ విలువలు ప్రతి పరుగులో మారుతాయి కనుక స్ట్రింగ్‌ల సెట్ వరుస కూడా మారుతుంది. రాసే ముందు ప్రతి జాబితానూ సంఖ్యను బట్టి క్రమంలో పెట్టండి. డైరెక్టరీలోని ఫైళ్ల జాబితాను ఆపరేటింగ్ సిస్టమ్ ఏ వరుసలో ఇచ్చినా, మీరు మళ్లీ క్రమబద్ధం చేసుకోండి. వరుస ముగింపు గుర్తులు విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ వేరు కాబట్టి వాటిని జనరేటర్‌లోనే స్థిరపరచి, కోడ్ మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్‌కు చెందిన ఆట్రిబ్యూట్స్ ఫైలులోనూ ఆ ఫైళ్లకు అదే నియమం రాయండి. తేదీ తప్పనిసరి అయితే, పునరుత్పాదక బిల్డుల కోసం ప్రచారంలో ఉన్న సోర్స్ డేట్ ఎపాక్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ నుంచి తీసుకోండి.

ఒక పాత ప్రాజెక్టులో నేను రాసిన జనరేటర్ ప్రతి ఫైలు పైనా తయారైన సమయాన్ని ముద్రించేది. అది ఉపయోగకరమైన వివరమనే అప్పట్లో అనుకున్నాను. దానివల్ల ప్రతి బ్రాంచిలోనూ ఆ ఫైళ్లన్నీ మారేవి, ప్రతి విలీనంలోనూ రెండో వరుస దగ్గర ఘర్షణ వచ్చేది. కొన్ని వారాలకు అందరం ఆ ఫైళ్లలోని తేడాలను చదవకుండా ఆమోదించడానికి అలవాటు పడ్డాం. ఆ రోజుల్లోనే ఒకరు నిర్వచన ఫైలు చూడటానికి వరుసగా ఉండాలని సంఖ్యల ముందు సున్నాలు చేర్చారు. 0010 కాస్తా 8 అయిందని తేడాలో స్పష్టంగానే కనిపిస్తోంది, కానీ చూసినవారు లేరు. పైన సున్నాల గురించి అంత గట్టిగా చెప్పింది అందుకే.

పరీక్ష సులభం: జనరేటర్‌ను వేర్వేరు ఫోల్డర్లలోకి రెండుసార్లు నడిపి, రెండు ఫలితాలనూ బైటు వారీగా పోల్చండి. వీలైతే ఒకసారి వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌లోనూ నడపండి.

తయారైన ఫైలుకు గుర్తు, చోటు

ప్రతి ఫైలు మొదట్లోనూ ఇది ప్రోగ్రామ్ రాసినదని, చేత్తో సవరించరాదని, సవరించవలసిన నిర్వచన ఫైలు ఫలానాదని, మళ్లీ తయారు చేయడానికి ఫలానా ఆదేశాన్ని నడపాలని రాయండి. చాలామంది మొదటి రెండింటితో ఆపేస్తారు. తప్పును సరిచేయడానికి ఆ ఫైలు తెరిచిన మనిషికి నిజంగా అవసరమైనవి చివరి రెండూ. గోలో ఈ వ్యాఖ్యకు నిర్దిష్టమైన రూపం ఉంది. కోడ్ జనరేటెడ్ అని మొదలై డు నాట్ ఎడిట్ అని చుక్కతో ముగిసే ఒకే వరుస వ్యాఖ్య అది. ఆ రూపాన్ని చూసి, కోడ్‌లో లోపాలు వెతికే లింటర్ల వంటి పరికరాలు ఫైలును గుర్తుపడతాయి. గిట్‌హబ్‌లో అయితే గిట్ ఆట్రిబ్యూట్స్ ఫైలులో లింగ్విస్ట్ జనరేటెడ్ అనే గుణాన్ని ఇస్తే, సమీక్షలో ఆ ఫైళ్ల తేడాలు ముడిచి కనిపిస్తాయి.

తయారైన ఫైళ్లను చేత్తో రాసిన వాటితో కలపకుండా విడి ఫోల్డర్‌లో ఉంచండి. తయారైన టైపుకు సొంతంగా ఒక ఫంక్షన్ చేర్చవలసి వస్తే పక్కన వేరే ఫైలులో రాయండి: గోలో అదే ప్యాకేజీలోని మరో ఫైలు, కోట్లిన్‌లో ఎక్స్‌టెన్షన్ ఫంక్షన్, సి షార్ప్‌లో పార్షియల్ క్లాస్ ఇందుకు సరిపోతాయి. ఫైలు మధ్యలో ఇక్కడి నుంచి ఇక్కడిదాకా మీ కోడ్ రాసుకోవచ్చు అని గీతలు గీసి, ఆ భాగాన్ని భద్రపరుస్తూ మిగతాది తిరగరాసే జనరేటర్లు కొన్ని ఉన్నాయి. నేను వాటిని సిఫారసు చేయను. ఫైలును ఎప్పుడైనా నిస్సంకోచంగా చెరిపేసి మళ్లీ తయారు చేసుకోగలగడమే ఈ పద్ధతికి బలం, ఆ గీతలు దాన్నే తీసేస్తాయి.

డిస్క్‌పై రాసే విధానం

మొత్తం పాఠ్యాన్ని ముందు మెమరీలో తయారు చేయండి. తనిఖీలన్నీ గడిచాక ఒక తాత్కాలిక ఫైలులో రాసి, చివరగా దాని పేరును అసలు పేరుకు మార్చండి. నేరుగా అసలు ఫైలులోనే రాస్తూ పోతే, మధ్యలో ఆగిపోయినప్పుడు సగం ఫైలు మిగులుతుంది, తర్వాతి బిల్డ్ అదే సరైనదని నమ్ముతుంది. నిర్వచనం నుంచి తొలగిపోయిన వాటికి సంబంధించిన పాత ఫైళ్లు ఫోల్డర్‌లో మిగిలి ఉంటే, వాటిని కూడా జనరేటరే చెరిపేయాలి. విడి ఫోల్డర్ ఉంటే ఈ పని భయం లేకుండా చేయవచ్చు.

కొత్త పాఠ్యం పాతదానితో సమానంగా ఉంటే ఫైలును ముట్టుకోకపోవడం మంచిది, లేకపోతే దానిపై ఆధారపడినవన్నీ కారణం లేకుండా మళ్లీ కంపైల్ అవుతాయి. మేక్ అనే బిల్డ్ పరికరాన్ని వాడేవారికి ఇక్కడ ఒక తిరకాసు ఉంది: ఫైలు సమయం మారలేదు కనుక అది నిర్వచనం కంటే పాతదిగానే కనిపించి, మేక్ ప్రతిసారీ జనరేటర్‌ను మళ్లీ నడుపుతుంది. జనరేటర్ నడిచిన గుర్తుగా ఒక ఖాళీ ముద్ర ఫైలును పెట్టుకోవడం దీనికి విరుగుడు. నింజా అనే మరో బిల్డ్ పరికరంలో అయితే రీస్టాట్ అనే అమరిక ఈ పనిని చేసిపెడుతుంది.

బిల్డ్‌లో చేర్చడం

మనిషి గుర్తుపెట్టుకుని నడపవలసిన జనరేటర్‌ను ఏదో ఒక రోజు మరిచిపోతారు. బిల్డ్ వ్యవస్థకు ఏ ఫైళ్ల నుంచి ఏ ఫైళ్లు వస్తాయో చెప్పండి. అలా చెప్పేటప్పుడు నిర్వచన ఫైలుతో పాటు జనరేటర్ ప్రోగ్రామ్‌నూ, టెంప్లేట్లనూ కూడా ఆధారాలుగా పేర్కొనండి. ఎక్కువగా జరిగే పొరపాటు ఇక్కడే: టెంప్లేట్ మారుస్తారు, బిల్డ్ ఏమీ మారలేదనుకుంటుంది, మీ కంప్యూటర్‌లో పాత ఫైలు, సహోద్యోగి కంప్యూటర్‌లో కొత్త ఫైలు ఉంటాయి.

వ్యవస్థను బట్టి వివరాలు మారుతాయి. రస్ట్‌లో కార్గో బిల్డ్ స్క్రిప్టు అవుట్ డిర్ అనే వేరియబుల్ చూపిన ఫోల్డర్‌లోనే రాయాలి, ఏ ఫైలు మారితే మళ్లీ నడవాలో ముద్రించి చెప్పాలి. గ్రాడిల్‌లో టాస్క్‌కు ఇన్‌పుట్‌లనూ అవుట్‌పుట్‌లనూ ప్రకటిస్తేనే అనవసరపు పరుగులు ఆగుతాయి. మేక్‌లో ఒకే నియమానికి మామూలు పద్ధతిలో రెండు ఫలిత ఫైళ్లను రాస్తే, సమాంతర బిల్డ్‌లో జనరేటర్ ఒకేసారి రెండుసార్లు నడిచే ప్రమాదం ఉంది. 2020లో వచ్చిన గ్నూ మేక్ 4.3 ఇలాంటి ఫలితాలను ఒకే సమూహంగా ప్రకటించే వీలు కల్పించింది. గోలో 2014 చివర వచ్చిన 1.4 నుంచి గో జెనరేట్ ఆదేశం ఉంది. గో బిల్డ్ దాన్ని తనంతట తాను నడపదు. ఇది లోపం కాదు, అది అలాగే రూపొందింది. అందువల్ల గో ప్రాజెక్టులలో తయారైన ఫైళ్లను కమిట్ చేయడం (గిట్ రిపాజిటరీలో భద్రపరచడం) ఆనవాయితీ.

కమిట్ చేయాలా, వద్దా

దీనిపై వాదోపవాదాలు ఎప్పుడూ ఉన్నాయి. మీ కోడ్‌ను ఇతరులు లైబ్రరీగా నేరుగా రిపాజిటరీ నుంచి తీసుకుంటూ, వారి దగ్గర జనరేటర్ ఉండకపోతే కమిట్ చేయక తప్పదు. అంతా మీ బిల్డ్‌లోనే జరిగితే, ఫైళ్లు పెద్దవైతే, తరచూ మారుతుంటే కమిట్ చేయకపోవడమే శుభ్రం. మన ఎర్రర్ కోడ్‌ల వంటి చిన్న ఫైళ్లను నేనైతే కమిట్ చేస్తాను, ఎందుకంటే టెంప్లేట్‌లో చేసిన చిన్న మార్పు 140 చోట్ల ఏం చేసిందో సమీక్షలో కళ్లతో చూడవచ్చు.

కమిట్ చేస్తే మాత్రం ఒక తనిఖీ తప్పనిసరి. ప్రతి మార్పునూ తనంతట తానే బిల్డ్ చేసి పరీక్షించే నిరంతర సమీకరణ సర్వర్‌లో జనరేటర్‌ను నడిపి, ఆ తర్వాత రిపాజిటరీలో ఏ మార్పూ లేదని నిర్ధారించండి. ఉంటే బిల్డ్ విఫలం కావాలి. ఇందుకు గిట్ డిఫ్ ఒక్కటే చాలదు, కొత్తగా పుట్టిన ఫైళ్లను అది చూపించదు. గిట్ స్టేటస్ ఫలితం ఖాళీగా ఉందో లేదో చూడండి. జనరేటర్ వెర్షన్‌నూ, అది వాడే లైబ్రరీల వెర్షన్‌లనూ ప్రాజెక్టులోనే స్థిరపరచండి, లేకపోతే ఒక్కొక్కరి కంప్యూటర్‌లో ఒక్కొక్క ఫలితం వచ్చి ఈ తనిఖీ ఊరికే విఫలమవుతూ ఉంటుంది.

ఈ తనిఖీకి భద్రతాపరమైన విలువ కూడా ఉంది. 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ అనే ఫైళ్ల కుదింపు సాఫ్ట్‌వేర్ ఉదంతంలో, 5.6.0, 5.6.1 విడుదలల బిల్డ్‌లోకి దొంగ కోడ్‌ను ప్రవేశపెట్టిన స్క్రిప్టు భాగం విడుదల చేసిన టార్ ఫైళ్లలో (సోర్స్ అంతటినీ కట్టగా కట్టిన ఫైళ్లలో) మాత్రమే ఉంది, గిట్ రిపాజిటరీలో లేదు. యంత్రం తయారు చేసినవని భావించి ఎవరూ చదవని ఫైళ్లు దాక్కోవడానికి అనువైన చోటు. అందరి ముందూ మళ్లీ తయారు చేసి పోల్చగలిగినప్పుడే వాటిని చదవకుండా నమ్మవచ్చు.

పరీక్షలు, పెద్ద ఫైళ్లు

చేత్తో రాసిన ఆ మూడు కోడ్‌ల ఫైలును ఇప్పుడు బయటికి తీయండి. మూడు కోడ్‌లున్న చిన్న నిర్వచనాన్ని జనరేటర్‌కు ఇచ్చి, ఫలితం ఆ ఫైలుతో సరిపోతుందో చూసే పరీక్ష రాయండి. దీనికి తోడు, తప్పుడు నిర్వచనాలను ఇచ్చి తనిఖీ భాగం సరైన వరుస సంఖ్యతో ఆగుతోందో పరీక్షించండి. తయారైన కోడ్‌ను కంపైల్ చేసి, ఒక సంఖ్యనిస్తే సరైన సందేశం వస్తోందో రెండు భాషలలోనూ చూడండి. పాఠ్యాన్ని పోల్చే పరీక్షలను పదుల సంఖ్యలో పెంచుకోకండి. టెంప్లేట్‌లో ఒక వ్యాఖ్య మారినా అవన్నీ విఫలమై, చదవకుండా ఆమోదించే పాత అలవాటునే మళ్లీ నేర్పుతాయి.

జాబితా వేలలోకి పెరిగితే వేరే రకం హద్దులు ఎదురవుతాయి. జావా వర్చువల్ మెషీన్‌లో ఒక మెథడ్ బైట్‌కోడ్ 65,535 బైట్లు దాటకూడదు. అన్ని విలువలనూ ఒకే చోట ప్రారంభించే భారీ పట్టికను కోట్లిన్‌లోనో జావాలోనో తయారు చేస్తే కంపైలర్ నిరాకరిస్తుంది. అప్పుడు పట్టికను అనేక ఫంక్షన్లుగా విడగొట్టాలి, లేదా సమాచారాన్ని రిసోర్స్ ఫైలుగా పెట్టి నడిచేటప్పుడు చదవాలి.

జనరేటర్‌ను వదిలేయవలసి వస్తే

ఏదో ఒక రోజు యాప్‌ను పూర్తిగా వేరే విధంగా తిరగరాసి, రెండు భాషల అవసరమే పోవచ్చు. అప్పుడు జనరేటర్‌ను చివరిసారి నడిపి, తయారైన ఫైలు పైనున్న హెచ్చరిక వ్యాఖ్యను తీసేసి, దాన్ని మామూలు సోర్స్ ఫోల్డర్‌లోకి మార్చండి. నిర్వచన ఫైలునూ, జనరేటర్‌నూ, బిల్డ్ నియమాన్నీ, సమీకరణ సర్వర్‌లోని తనిఖీనీ అదే కమిట్‌లో తొలగించండి. ఫార్మాటర్ గుండా వచ్చిన, మనిషి చదవగల కోడ్‌ను రాయించి ఉంటే, ఆ రోజు నుంచి ఆ ఫైలును చేత్తో సవరించుకోవడానికి ఎవరికీ ఇబ్బంది ఉండదు.